కాగజ్‌నగర్: కాగితం పేరు పెట్టుకున్న ఊరు



హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే రైలెక్కితే, మంచిర్యాల, బెల్లంపల్లి దాటాక ఒక స్టేషన్ వస్తుంది. బోర్డు మీద 'సిర్పూర్ కాగజ్‌నగర్' అని ఉంటుంది. నేను చాలా రోజులు ఇదంతా ఒకే ఊరి పేరనుకున్నాను. కాదండీ! సిర్పూర్ వేరే ఊరు, అదే లైన్‌లో ఇంకా పైకి వెళ్ళాలి. దానికి సిర్పూర్ టౌన్ అని వేరే స్టేషనే ఉంది. మరి కాగజ్‌నగర్? అంతకుముందు దాని పేరు కొత్తపేట. ఉర్దూలో కాగజ్ అంటే కాగితం. మిల్లు వచ్చింది, ఊరి పేరే మారిపోయింది.

సిర్పూర్ పేపర్ మిల్స్ 1938లో, నిజాం కాలంలో పెట్టారు. 1942లో కాగితం తయారీ మొదలైంది. సరే, హైదరాబాద్ వదిలేసి అంత దూరం అడవిలో ఎందుకు పెట్టారు?

మ్యాప్ ఓపెన్ చేసి చూడండి, జవాబు అక్కడే ఉంది. చుట్టూ ఆదిలాబాద్ అడవులు, అంటే వెదురు. అప్పట్లో మన దేశంలో కాగితానికి ముఖ్యమైన ముడిసరుకు అదే. పక్కనే పెద్దవాగు, అది వెళ్ళి ప్రాణహితలో కలుస్తుంది. ఈ నీళ్ళ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వెదురును ముక్కలు కొట్టి, రసాయనాలతో ఉడకబెట్టి, కడిగి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జు మెషిన్ జల్లెడ మీదికి వచ్చేటప్పుడు నూటికి దాదాపు 99 పాళ్ళు నీళ్ళే! ఆ నీళ్ళు పిండేసి, ఆరబెడితే మిగిలేదే మన నోట్‌బుక్ కాగితం. అందుకే వాగు లేని చోట పేపర్ మిల్లు ఊహించుకోలేం. ఇక బాయిలర్లకు బొగ్గు? బెల్లంపల్లి గనులు దగ్గరే. కాజీపేట–బల్హార్షా రైలు లైను కూడా అప్పటికే వేసి ఉంది.

పని ఉందంటే మనుషులు వస్తారు కదా. తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ అన్నీ ఒకే బజారులో వినిపించే ఊరైంది. సర్‌సిల్క్ అని కృత్రిమ పట్టు మిల్లు కూడా వచ్చింది కానీ అది 1980ల్లో మూతపడింది. పేపర్ మిల్లు మాత్రం నడుస్తూనే ఉంది. వెదురుతో పాటు సుబాబుల్, యూకలిప్టస్ కర్ర కూడా వాడకంలోకి వచ్చింది.

2014లో అదీ ఆగిపోయింది. ఒక్కసారి ఆలోచించండి ఫ్రెండ్స్. సిటీలో ఒక కంపెనీ మూతపడితే ఇంకో కంపెనీకి రెజ్యూమే పంపుతాం. ఇక్కడ ఊరు పుట్టిందే మిల్లు కోసం. జీతం ఆగితే కిరాణా కొట్టు ఖాతా ఆగుతుంది, ఆటో ఆగుతుంది, పిల్లల ఫీజు ఆగుతుంది. మిల్లు గేటు లోపల ఎప్పుడూ అడుగుపెట్టని టీ కొట్టాయనకీ దెబ్బే. అలా నాలుగేళ్ళు! స్టేషన్ బోర్డు మీద మాత్రం కాగజ్‌నగర్ అని అలాగే ఉంది.

2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక మిల్లు మళ్ళీ తిరగడం మొదలైంది.

ఈసారి ఆ రైల్లో వెళ్తే, కాగజ్‌నగర్ వచ్చినప్పుడు ఫోన్ ఒక్క నిమిషం పక్కన పెట్టి కిటికీ లోంచి చూడండి. మీ ఊరి పేరు వెనక కూడా ఇలాంటి కథ ఉంటే కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. ఉంటా మరి.