దేశముల పేళ్లు

పొలమునకు పట్టా యెట్లో, అంతర్జాలమున ప్రతి తావునకును పేరట్లు. ఆ పేళ్ల చివరి పదములను పంచిపెట్టునది అమెరికాలోని ఐకాన్ సంస్థ. దేశముల పేళ్లను చివరి పదములుగా ఎవ్వరికిని ఈయరాదని 2012 నాటి నియమము. తెలుగు లిపిలోని ‘భారత్’ అంతకు ముందే, 2011 లో, మన దేశమునకు దక్కినది, సంతోషము.

అయితే నదుల మాట యేమి? ‘అమెజాన్’ పేరును ఆ పేరిటి వర్తక సంస్థ కోరగా బ్రెజిల్, పెరూ దేశములు ఏండ్ల తరబడి అడ్డుపడినవి. 2019 లో ఐకాన్ వర్తకుల పక్షముననే నిర్ణయించినది. ఆ యేడే వారి మహాసౌధము మా కొత్తగూడకు చేరువ నానక్‌రాంగూడలో వెలసినది. బడిలో నేను అమెజానును నదియనియే చెప్పితిని. ఇప్పటి పిల్లలకది అంగడి. రేపెవ్వరైన గోదావరి పేరడిగిన, ఏ పట్టా చూపుదుము?