మరల పలికిన పాత ప్లేట్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదేండ్లు ఒక గ్రామ గ్రంథాలయము దీపమారక నిలుచుట సామాన్య విషయము కాదు. పుస్తకము చినిగినచో అతికించి, అట్ట వేసి, సంఖ్య వ్రాసి, మరల బీరువాలో నిలుపుట గ్రంథపాలకుని నిత్యకృత్యము. అచ్చులోని మాటకు ఇట్టి రక్షణ లభించినది. పాడిన పాటకు, రాగము తీసి చదివిన పద్యమునకు అట్టి రక్షణ ఎవరు కల్పించుచున్నారు? పాత గ్రామఫోను ప్లేట్లు మరల వెలువడుట వలన కలుగు లాభమేమి, వెలువడు రీతి సరిగా లేనిచో కలుగు నష్టమేమి, అందు గ్రామ గ్రంథాలయమునకు గల పని యేమి అను మూడు సంగతులు ఇచట విచారింపబడును.

1902వ సంవత్సరమున గ్రామఫోను కంపెనీవారి ధ్వనిముద్రకుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ లండను నుండి కలకత్తాకు వచ్చెను. నాడు అతని యంత్రము నెదుట పాడినవారిలో గౌహర్ జాన్ ప్రముఖురాలు. అప్పటికి ప్లేట్లు మన దేశమున తయారగుట లేదు. ఇచట ముద్రించిన మూలములు ఓడలో జర్మనీకి పోయి, హానోవరు నగరమున ప్లేట్లుగా అచ్చుపడి తిరిగి వచ్చెడివి. అచటి పనివారికి మన భాషలు తెలియవు గదా! ఏ పాట ఎవరిదో వారు గుర్తించుటకై గౌహర్ జాన్ పాట ముగియగానే తన పేరు తానే ఆంగ్లమున పలికెడిది. ఆ పలుకు నేటికిని ఆ ప్లేట్లలో వినవచ్చుచున్నది. పాటతోపాటు పేరు కూడ నిలువవలెనను నియమము తొలినాడే ఏర్పడినదన్నమాట. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసినందున ఆ దూరప్రయాణము తప్పెను.

ఆ ప్లేటులోని ముఖ్యద్రవ్యము మనకు క్రొత్తది కాదు. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు కూర్చిన లక్కయే అది. దానిని శుద్ధిచేసి, రాతిపొడిని, మసిని కలిపి, వేడిమీద అదిమి ప్లేటుగా చేసెడివారు. నిమిషమునకు 78 చుట్లు తిరుగునట్టి పది అంగుళముల ప్లేటు ఒక ప్రక్క సుమారు 3 నిమిషములు పలుకును. 1925 వరకు మైకు లేదు. గాయకుడు పెద్ద గొట్టములోనికి ముఖము పెట్టి గట్టిగా పాడవలసియుండెను. మైకు వచ్చిన పిమ్మటనే మెత్తని గొంతుకకు, సన్నని గమకమునకు ప్లేటులో చోటు దొరకెను.

ఈ 3 నిమిషముల కొలత తెలుగు పద్యమునకు పరీక్ష అయ్యెను. రంగస్థలముమీద ‘వన్స్‌మోరు’ కేకల నడుమ ఒక్క పద్యమును ఎంతసేపైనను సాగదీయవచ్చును. ప్లేటుమీద అట్లు చెల్లదు. రాగచ్ఛాయ ఎత్తుగడలోనే తెలియవలెను. ప్రతి అక్షరము స్పష్టముగా వినబడవలెను. భావము చెడక పద్యము ముగియవలెను. కపిలవాయి రామనాథశాస్త్రి, స్త్రీపాత్రలకు పేరొందిన స్థానం నరసింహారావు, ఈలపాట రఘురామయ్య మొదలగు నటగాయకుల కంఠములను రంగస్థలముమీద విననివారు కూడ ప్లేట్ల ద్వారా విని ఆనందించిరి. పిమ్మట ఘంటసాల వేంకటేశ్వరరావు గానము చేసిన కరుణశ్రీ ‘పుష్పవిలాపము’ తెలుగుదేశమున మారుమూల పల్లెలకును చేరెను.

ఊరికి ఒకటో రెండో పెట్టెలున్న దినములవి. తాళము త్రిప్పి, ముల్లు మార్చి, ప్లేటు పెట్టినచో వాకిట జనము గుమిగూడెడివారు. జొన్నకోతలు ముగిసి జాతర సమీపించినప్పుడు ‘సత్యహరిశ్చంద్ర’ నాటకమునకో, తిరుపతి వేంకట కవుల పాండవ నాటకములకో సిద్ధపడు గ్రామనటునికి ప్లేటే గురువు. విసుగుకొనని గురువు, నూరుమార్లు అడిగినను నూరుమార్లు అదే తీరున చెప్పెడి గురువు. ఇందొక చిక్కును లేకపోలేదు. ఊరూర వేర్వేరుగా నున్న పద్యపు బాణీలు ప్లేటులోని బాణీకి తలవంచెను. ప్లేటు కెక్కినది ప్రమాణమాయెను, ఎక్కనిది మరుగుపడెను.

ప్లేటును గురువుగా చేసికొనుట మన పల్లెలకే పరిమితమైన అనుభవము కాదు. ఇంగ్లండులో 1950 తరువాతి దశాబ్దమున యువకులు కొందరు అమెరికాలోని నల్లజాతివారి ‘బ్లూస్’ పాటలను ప్లేట్ల ద్వారా విని, ఆ గానమునకు పుట్టినిల్లయిన పత్తిచేలను కన్నులార చూడకయే దానిని అభ్యసించిరి. జాజ్ వాద్యబృంద నాయకుడు క్రిస్ బార్బరు 1958లో మడ్డీ వాటర్సు అను అమెరికా గాయకుని తమ దేశమునకు రప్పించెను. 1962 మార్చిలో అలెక్సిస్ కార్నరు, సిరిల్ డేవిస్ అను నిరువురు లండనులోని ఈలింగు పేటలో ఒక చిన్న సంగీతశాల తెరచిరి. తరువాత రోలింగ్ స్టోన్స్ అను పేర ప్రపంచమెల్ల ఎరిగిన బృందములోని యువకులు అచటనే ఒకరినొకరు ఎరిగిరి. శిష్యులు పేరు గడించిన పిమ్మట లోకము వారి మూలములను వెదకసాగెను. అందుచే ఆ తొలినాటి ప్లేట్లు మరల మరల వెలువడుచున్నవి.

కార్నరు బృందము 1962లో వెలువరించిన పెద్ద ప్లేటుమీద మార్కీ అను సంగీతశాల పేరు కలదు. చూచినవారు అది ఆ శాలలో ప్రేక్షకుల నెదుట ముద్రింపబడినదని తలంతురు. కాని అది ముద్రింపబడినది డెక్కా కంపెనీవారి స్టూడియోలో. పునర్విడుదల చేయువారు ఏ దినమున, ఏ చోట, ఎవరెవరు ఏయే వాద్యములు వాయించిరో విచారించి వ్రాయుటచేతనే ఇట్టి యథార్థములు వినువారికి తెలియుచున్నవి. పాత ధ్వనిని మరల వినిపించుట సగము పని. దాని పుట్టుపూర్వోత్తరములు తెలుపుట తక్కిన సగము.

ఈ కొలబద్దతో మన పునర్విడుదలలను చూతము. ఘంటసాల కంఠము ప్లేటు నుండి క్యాసెట్టునకు, క్యాసెట్టు నుండి సీడీకి, సీడీ నుండి చేతిఫోనునకు చెక్కుచెదరక దిగివచ్చినది. ఆయన పేరును దానిని విడువక వచ్చినది. వి. ఎ. కె. రంగారావు 40,000కు మించిన ప్లేట్లు సేకరించి, పాటలు వ్రాసినవారిని, కట్టినవారిని, పాడినవారిని గూర్చి ఓపికతో వ్రాసిరి. ఇట్టి శ్రద్ధ అందరికిని అబ్బలేదు. నేడు చేతిఫోనులో ‘పాత నాటక పద్యాలు’ అను పేర ఎన్నో వినబడుచున్నవి. పాడినదెవరు? నాటకమేది? సంవత్సరమేది? ప్రశ్నకు బదులుండదు. కొన్నింటి వేగము కూడ తప్పియుండును. తొలినాటి ప్లేట్లన్నియు సరిగా 78 చుట్లకే ముద్రింపబడలేదు. వేగము హెచ్చినచో శ్రుతి హెచ్చి గంభీరకంఠము కీచుగొంతుకయగును; తగ్గినచో యువకుని గానము వృద్ధుని మూలుగగును. పేరు పోయి, శ్రుతి తప్పిన పిమ్మట ఆ గాయకునికి మిగిలినదేమి?

మన సీమలోనే దీనికొక గొప్ప నిదర్శనము కలదు. కడప సీమలోని తాళ్ళపాకలో జన్మించిన అన్నమాచార్యులు 32,000 సంకీర్తనలు రచించెనని ప్రతీతి. వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరచిరి. 1922లో ఆ రేకులు వెలికివచ్చి పండితుల చేతికందెను. దొరకినవి అందు సగమైనను లేవు. దొరకినవాటిలో పదము కలదు. రాగము పేరు కలదు. పాడిన తీరు మాత్రము లేదు. అనంతపురము సీమవారైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు క్రొత్తగా స్వరపరచినందున పెక్కు కీర్తనలు మరల గొంతుకెక్కెను. రాగిరేకు మాటను కాపాడి బాణీని కాపాడలేకపోయెను. లక్కప్లేటు బాణీని కూడ కాపాడగలదు. అట్టి సాధనము చేతికందియుండగా దానిని పాతసామానువానికి తూచి యిచ్చుట ఎంతటి అవివేకము!

కావున గ్రామ గ్రంథాలయము చేయదగిన పనులు కొన్ని కలవు. అటకలమీద నున్న ప్లేట్లను అడిగి తెచ్చి, ఒకదానిపై నొకటి పేర్చక పుస్తకములవలె నిలువుగా నుంచవలెను. ఎండ తగులనీయరాదు. సారాయము గల ద్రవముతో తుడువరాదు, లక్క కరగిపోవును. పెద్ద ప్లేటునకు వాడు సన్నని ముల్లు లక్కప్లేటు గాడిలో సరిగా కుదురదు. దానికి తగిన ముల్లే వాడవలెను. చీటీమీది కంపెనీ పేరు, ప్లేటు సంఖ్య, గాయకుని పేరు, నాటకము పేరు ఉన్నవి ఉన్నట్లు పట్టికలో నెక్కింపవలెను. చీటీ ఊడిపోయినను గాడులు ముగిసిన చోట, నడుమ భాగమున చెక్కిన అంకెలుండును, వాటినిబట్టి పోల్చవచ్చును.

చట్టమును ఎరుగవలెను. నేటి చట్టముననుసరించి ధ్వనిముద్రణముపై హక్కు అది వెలువడిన మరుసటి సంవత్సరారంభము నుండి 60 ఏండ్లు నిలుచును. 1960లో వెలువడిన ప్లేటుపై ఆ హక్కు 2020తో ముగిసెను. రచనపై హక్కు వేరు. అది రచయిత మరణానంతరము 60 ఏండ్లు నిలుచును. ‘సత్యహరిశ్చంద్ర’ కర్త బలిజేపల్లి లక్ష్మీకాంతము 1953లో గతించిరి గనుక ఆ పద్యములపై హక్కు 2013తో తీరినది. ఈ రెండును తీరిన ప్లేట్లను ప్రతిచేసి పాఠకులకు వినిపించుటకు జంకనక్కరలేదు.

అన్నిటికంటె తొందరపడవలసిన పని మరియొకటి కలదు. చీటీ లేని ప్లేటును విని, ‘ఇది ఫలానావారి గొంతు’ అని చెప్పగల వృద్ధులు ఊరూర ఇంకను కొందరున్నారు. వారిలో నాటకములాడినవారును, హార్మోనియము వాయించినవారును కలరు. ప్లేటు మరి పదేండ్లు ఓర్చుకొనవచ్చును. ఆ వృద్ధులకు అంత వ్యవధి లేదు. వారిని గ్రంథాలయమునకు గౌరవముతో పిలిచి, కూర్చుండబెట్టి, వినిపించి, వారు చెప్పినది వ్రాసికొనవలెను. ప్లేటు కెక్కని మన యూరి బాణీలను వారిచేతనే పాడించి, పేరు, ఊరు, తేది చేర్చి ముద్రింపవలెను.

కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును తన జీవితమును ధారవోసిరి. చదువు రానివానికి కూడ జ్ఞానమందవలెనని ఆ పెద్దల ఆశయము. చదువు రాని వృద్ధుడు పుస్తకము చదువలేకపోవచ్చును. పాత పద్యము విని గాయకుని పేరు చెప్పగలడు. ఆ దినమున గ్రంథాలయమునకు అతడే అధ్యాపకుడు. స్వర్ణోత్సవము నాటికి ఈ భవనమున పుస్తకముల బీరువా ప్రక్కన కంఠముల బీరువా కూడ నిలుచుగాక! అందలి ప్రతి ప్లేటుమీదను పాడినవారి పేరు చెక్కుచెదరక యుండుగాక!