కన్నవారిపై లోకము తీర్పు



గ్రంథాలయము పుస్తకములను దాచు కొట్టు మాత్రము కాదు. ఒకరి కష్టమును మరియొకరు తమ కష్టముగా తెలిసికొను చోటు అది. ఇరువదియైదేండ్లు ఆ పని చేసిన గ్రంథాలయపు పండుగనాడు, ఇండ్లలో గుసగుసలాడుటయే కాని నలుగురిలో ఎవరును ఎత్తని విషయమొకటి సభ ముందుంచుట ఉచితము. తీవ్రమైన వైకల్యముగల బిడ్డను కన్నవారే పరుల చేతికి అప్పగించినచో, లోకము వారిని ఎట్లు చూడవలెను?

లోకము తీర్పునకు ఆలస్యముండదు. “కన్నబిడ్డను వదలుకొన్నది, ఆమెయు ఒక తల్లియేనా?” అని రచ్చబండమీద ఒక మాట, పెండ్లిపందిరిలో ఒక మాట. ఆ బిడ్డ ఇంటనున్నంతకాలము అదే లోకము “ఏ జన్మమున చేసిన పాపమో” అని ఆ గడప తొక్కుట మానినది. ఉంచుకొన్నను నిందయే, అప్పగించినను నిందయే. లోకులు కాకులన్న సామెత ఊరక పుట్టలేదు.

ఇట్టి సంకటమున పడిన ఒక తల్లి కథ పుస్తకప్రియులు తెలిసికొనదగినది. ఆమె పెర్ల్ బక్. 1892లో అమెరికాలో పుట్టి, మతప్రచారకులైన తలిదండ్రులతో పసితనముననే చైనా చేరి, అచటి జనులనడుమ పెరిగిన రచయిత్రి. 1931లో వెలువడిన ‘ది గుడ్ ఎర్త్’ అను ఆమె నవల చైనా రైతు కాపురమును ప్రపంచమునకు చూపెను. 1938లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను. ఆ కీర్తి వెనుక ఒక బిడ్డ కలదు.

1920లో చైనాలో ఆమెకు ఆడపిల్ల పుట్టెను. చూచినవారు మెచ్చుకొన్న చక్కని శిశువు. కాని మూడేండ్లు వచ్చినను మాట రాలేదు. తల్లి ఆ పిల్లను వెంటబెట్టుకొని, సముద్రము దాటి, ఎందరో వైద్యులను ఆశ్రయించెను. పలువురు ఆశ చూపిరి. కడపట అమెరికాలోని ఒక పెద్ద వైద్యశాలలో ఒక వైద్యుడు ఆమెను ఆపి, దాపరికము లేక నిజము చెప్పెను. బిడ్డ మనస్సు నాలుగేండ్ల పిల్ల మనస్సును మించి ఎదుగదనియు, బ్రదుకంతయు ఒకరి చేతిమీదనే గడవవలెననియు ఆ మాటల సారాంశము. అది విని తల్లి గుండె పగిలెను. అయినను, వట్టి ఆశలు పెట్టినవారికంటె ఆ నిజము చెప్పినవానికే తాను ఋణపడియున్నట్లు ఆమె తరువాత వ్రాసెను.

చైనాలోని ఇరుగుపొరుగువారు ఆ పిల్లను వింతగా చూడలేదు. కుంటివారిని, గ్రుడ్డివారిని చూచినట్లే సహజముగా చూచి పలుకరించెడివారు. ఒకనాడు షాంఘై వీధిలో మాత్రము, అమెరికానుండి క్రొత్తగా వచ్చిన ఇద్దరు యువతులు పిల్లను తేరిపార చూచి, నాలుగడుగులు దాటగనే పిచ్చిదని హేళనగా అనుకొనిరి. ఆ మాట తల్లి చెవిని పడెను. నాటినుండి ఆమె బిడ్డను లోకుల కంటబడకుండ కాచుకొన మొదలిడెను. తీర్పు చెప్పినవారు మరునిమిషమున దానిని మరచియుందురు. తల్లి మాత్రము మరువలేదు.

అయినను ఆమె ఓటమి ఒప్పుకొనలేదు. తానే కూర్చుండి చదువు చెప్పసాగెను. వ్రాయుట నేర్పుటకు ఒకనాడు పిల్ల చేయి పట్టుకొనగా, ఆ చిన్నచేయి చెమటతో తడిసియుండెను. ఏమియు అర్థము కాకున్నను, తల్లిని సంతోషపెట్టుటకై ఆ బిడ్డ తన శక్తినంతయు ధారపోయుచున్నదని అప్పుడు తెలిసెను. తల్లి పుస్తకములు మూసివేసెను. తన కోరిక వేరు, బిడ్డ సుఖము వేరు అను సంగతి ఆ తడిచేయి ఆమెకు నేర్పిన పాఠము.

మిగిలినది ఒకే ప్రశ్న: తన తరువాత ఈ బిడ్డకు దిక్కెవరు? 1927లో నాన్‌కింగ్ నగరమున అల్లర్లు చెలరేగినప్పుడు, ఆ కుటుంబము ఒక పేదరాలి గుడిసెలో దాగి ప్రాణములు దక్కించుకొనెను. తల్లికి ఏమైనను అయినచో ఆ పిల్లకు పరాయిదేశమున ఎవరున్నారు? ఆమె అమెరికాలో పెక్కు ఆశ్రమములు తిరిగి చూచెను. ఒకచోట పిల్లలు గోనెవంటి ముతకబట్టలు తొడిగి, పశువులమందవలె పడియుండుట కంటబడెను. చివరకు న్యూజెర్సీ రాష్ట్రములోని వైన్‌లాండ్ శిక్షణాలయమున పిల్లల ముఖములలో సంతోషము కనబడెను. ముందు బిడ్డ సంతోషము, ఆపైననే తక్కినవి అనునది అచటి నియమము. 1929లో తొమ్మిదేండ్ల కుమార్తెను ఆమె అచట అప్పగించెను.

ఇది వదలివేయుట యగునా? ఆ ఆశ్రమమునకు బిడ్డ జీవితకాలమంతయు ధనము చెల్లవలెను గనుక, ఆ భారము తీర్చుటకై ఆమె మరింత పట్టుదలతో వ్రాయసాగెను. మాటిమాటికి పోయి బిడ్డను చూచుచుండెను. అయినను ఇరువది సంవత్సరములు ఈ సంగతి లోకమునకు చెప్పుకొనలేదు. 1950లో ‘ద చైల్డ్ హూ నెవర్ గ్రూ’ అను చిన్నపుస్తకమున సర్వము విప్పి చెప్పెను. ఇట్టి బిడ్డలను కన్నవారికి అది గొప్ప ఓదార్పయ్యెను. 1973లో తల్లి గతించెను. కుమార్తె 1992 వరకు జీవించెను. తల్లి పోయిన పిదప పందొమ్మిది సంవత్సరములు ఆ బిడ్డను ఆ చేతులే సాకినవి. “నా తరువాత ఎవరు?” అను ప్రశ్నకు లభించిన సమాధానమిది.

‘ది గుడ్ ఎర్త్’ చదివినవారికి అందలి రైతు పెద్దకూతురు జ్ఞాపకముండును. ఆ పిల్లకు బుద్ధి ఎదుగదు. తాను పోయిన తరువాత దిక్కులేక అలమటించునేమో అని తండ్రి విషమునుగూడ సిద్ధముచేసియుంచును. అది క్రూరత్వము కాదు, కడుపుతీపి నిస్సహాయమై విపరీతమునకు తిరిగిన రూపము. ఊరు ఒక దారి చూపనప్పుడు ప్రేమయే ఎంత ఘోరమైన ఆలోచనకు దిగునో అచట కనబడును.

ఇక పాపము మాట. ఆ బిడ్డకు వచ్చినది ఫెనైల్‌కీటోన్యూరియా అను వ్యాధియని చాలకాలమునకు తెలిసెను. ఆహారములోని ఒక పదార్థమును శరీరము జీర్ణించుకొనలేక, అది రక్తమున పేరుకొని మెదడును చెరచును. 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ దీనిని కనుగొనెను. తన ఇద్దరు బిడ్డలు ఇట్లేల అయిరని అడుగుట మానని ఒక తల్లి పట్టుదలయే అందుకు మూలము. 1960 తరువాత, పుట్టిన శిశువు మడమనుండి తీసిన రక్తపుబొట్టుతో దీనిని ముందే పసిగట్టి, పథ్యముతో మెదడును కాపాడు పద్ధతి వచ్చెను. తలిదండ్రులిరువురిలోను కనబడక దాగియున్న లోపము బిడ్డలో కలియుటయే దీనికి కారణము. మేనరికపు పెండ్లిండ్లలో ఇట్టి కలయికకు అవకాశము హెచ్చు. పూర్వజన్మ పాపమునకు ఇందు చోటు లేదు.

అట్లని అప్పగించిన ప్రతివారును నిర్దోషులని చెప్పరాదు. ఆర్థర్ మిల్లర్ అను ప్రఖ్యాత అమెరికను నాటకకర్తకు 1966లో డౌన్ సిండ్రోము గల కుమారుడు పుట్టగా, ఆ బిడ్డను ఆశ్రమమున ఉంచిరి. 1987లో వెలువడిన స్వీయచరిత్రలో తండ్రి ఆ కుమారుని మాటయే ఎత్తలేదు. ఆయన మరణించిన రెండేండ్లకు, 2007లో ఒక పత్రిక ఈ సంగతి బయటపెట్టగా, పొగడిన నోళ్లే తెగడెను. అయితే మరణశాసనమున ఆ కుమారునికి తక్కిన బిడ్డలతో సమానభాగము వ్రాసినవాడును ఆయనయే. మనుష్యహృదయము ఒక్కమాటతో తేలునది కాదు.

బిడ్డల పక్షమునుండియు చూడవలెను. న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ అను ప్రభుత్వాలయము నాలుగువేలమందికి కట్టినది. ఒకప్పుడు అందు ఆరువేలమందిని కుక్కిరి. 1972లో అచటి దైన్యమును టెలివిజన్ చూపగా దేశము నిర్ఘాంతపోయెను. అప్పగించిన చేతులను నిందించిన లోకము, పుచ్చుకొన్న చేతులు ఏమి చేయుచున్నవని అంతవరకు అడుగలేదు. కావున అడుగవలసిన మాటలు రెండు: అప్పగించిన పిదప బంధము నిలిచినదా? పుచ్చుకొన్నచోట బిడ్డ సుఖముగా ఉన్నదా?

భారతదేశపు చట్టము ఈ వివేకమునే పాటించుచున్నది. పండ్రెండేండ్లలోపు బిడ్డను విడిచిపోవు తలిదండ్రులకు ఏడేండ్లవరకు శిక్ష కలదు. 2024 జూలై 1 నుండి ఇది భారతీయ న్యాయసంహిత 93వ సెక్షనులో ఉన్నది. కాని 2015 బాలల న్యాయచట్టము వేరొక త్రోవ తెరచినది. తప్పనిసరియైన కారణములచే పెంచజాలనివారు, జిల్లాలోని శిశుసంక్షేమ కమిటీ ఎదుట బిడ్డను అప్పగింపవచ్చును. కమిటీ విచారించి, నచ్చజెప్పి చూచును. అటుపిమ్మట మనసు మార్చుకొనుటకు రెండుమాసముల గడువిచ్చును. చేయిదాటిన పరిస్థితులలో కన్నవారు విడిచినచో, అది బుద్ధిపూర్వకము కాదని భావించి శిక్షింపరాదని ఆ చట్టమే చెప్పుచున్నది. చీకటిలో బస్సుస్టాండున వదలి పరుగెత్తుట వేరు, పగటివేళ పదుగురి ఎదుట కన్నీటితో అప్పగించుట వేరు.

“నా తరువాత ఎవరు?” అను ప్రశ్నకును చట్టమున జవాబు కలదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టము ప్రకారము, బుద్ధిమాంద్యము మొదలగు వైకల్యములు గలవారికి, కలెక్టరు సభ్యుడుగానున్న స్థానిక కమిటీ సంరక్షకుని నియమించును. ఇట్టి బిడ్డల తలిదండ్రులకు దారిచూపుటకై 1984లో సికిందరాబాదున జాతీయసంస్థ ఏర్పడినది. ఈ సంగతులు తెలియక ఎన్ని ఇండ్లు లోలోన క్రుంగుచున్నవో! వానిని వెదకి తెలుపుట గ్రంథాలయము చేయదగిన పని.

సభ్యులారా! ఒడ్డున నిలిచినవానికి లోతు తెలియదు. అట్టి బిడ్డ ఉన్న ఇంటికి పోయి, ఆ తల్లి ఒక పూట కన్నుమూయునట్లు ఆ బిడ్డను కాచినవారెందరు? పేరంటమునకు పిలుచునప్పుడు ఆ బిడ్డనుగూడ తీసికొనిరమ్మని చెప్పినవారెందరు? ఆ భారమును ఒక్కనాడైనను పంచుకొన్నవారు తీర్పు చెప్పుటకు తొందరపడరు. ఊరు ముందుగా భుజము పట్టినచో, బిడ్డను వదలుకొనవలసిన ఇండ్లు తగ్గును. అప్పటికిని అప్పగింపక తప్పని తల్లి ఎవరైన ఉన్నచో, ఆమె తలవంచుకొని ఊరు విడువనక్కరలేదు.

స్వస్తి.