ఇనుములోనూ పూస ఉంటుంది



రుషికొండలో మా ఆడపడుచు ఇల్లు కట్టుకుంటోంది. మొన్న వెళ్ళేసరికి పనివాళ్ళు ఇనుప కడ్డీలను బొగ్గుల మీద ఎర్రగా కాల్చి వంచుతున్నారు. "కాలిస్తే ఇట్టే వొంగుతాదమ్మా" అన్నాడు మేస్త్రి. నేను ఆపించేశాను.

ఎందుకంటారా? కాచిన నెయ్యి నెమ్మదిగా చల్లారితే పెద్ద పూస కడుతుంది. గబగబా చల్లారితే సన్నపూస. లోహాలూ అంతే. నమ్మకం కుదరకపోతే మీ పెరట్లో పాత రేకు బకెట్ చూడండి. పైన మెరిసే ఆ పువ్వులు జింకు పూసలే! ఇనుములో అవి కంటికి ఆనవు. లోహం వంగాలంటే లోపలి అణువుల వరసలు జారాలి. పూస అంచు దగ్గర ఆ జారుడుకు అడ్డు తగులుతుంది. పూస సన్నమైతే అంచులెక్కువ, బలమూ ఎక్కువ. ఈ సంగతి లెక్కకట్టి చూపినవారు ఇంగ్లండులో హాల్ (1951), పెచ్ (1953).

మన విశాఖ ఉక్కు కర్మాగారంలో టీఎంటీ కడ్డీ ఎర్రగా ఉండగానే దానిమీద నీళ్ళు కొడతారు. పైపొర గట్టిపడుతుంది, లోపల పూస సన్నంగా నిలుస్తుంది. దాన్ని మళ్ళీ కొలిమిలో పెట్టారా, ఆ పదును పోయి పూస ముతకబడుతుంది. రేపు స్లాబు బరువు మోయవలసింది ఆ కడ్డీయే కదా!

మేస్త్రి గొణుగుతూనే మిగతావి చల్లగా వంచాడు. కాల్చినవి పక్కన పారేయించాను. ఆ ఖర్చు సంగతి మా ఆడపడుచు ఇంకా దెప్పుతూనే ఉంది.