18 నిండితే షుగర్ పోదు

రాజమండ్రిలో చదువుకుంటున్న మన ఏజెన్సీ విద్యార్థుల దగ్గర మాట్లాడిన మాటలివి. అక్కడికి రాలేని వాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నా. చదివి మీ హాస్టల్లో, మీ ఊళ్లో ఒక్కరికైనా చెప్పండి.

షుగర్ అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? వయసు మళ్లినవాళ్లు, కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసేవాళ్లు. కొండెక్కి దిగేవాళ్లకి షుగరేంటి అనుకుంటాం. కానీ టైప్ 1 అని ఇంకో షుగర్ ఉంది. అది తీపి తినడం వల్ల వచ్చేది కాదు, ఎవరి తప్పూ కాదు. ఇన్సులిన్ తయారుచేసే కణాలను మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే చంపేస్తుంది. ఎక్కువగా చిన్నతనంలో, కుర్రవయసులో బయటపడుతుంది. మాత్రలతో కుదరదు. బతికినంతకాలం రోజూ ఇన్సులిన్ వేసుకోవాల్సిందే. 1922లో టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ వేసింది 14 ఏళ్ల అబ్బాయికి. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్లు కాదు.

మందు దొరికి నూరేళ్లు దాటింది. మరి మన పిల్లలకి ఇంకా ఇబ్బంది ఎక్కడ వస్తోంది? వయసు మారే చోట వస్తోంది.

చిన్నప్పుడు అమ్మో నాన్నో ఆసుపత్రికి తీసుకెళ్తారు. పిల్లల డాక్టరు పేరు పెట్టి పిలుస్తారు. తర్వాత ఇంటర్‌కో డిగ్రీకో కొండ దిగి రాజమండ్రి, కాకినాడ వస్తాం. ఇంచుమించు అదే సమయంలో పిల్లల విభాగం వాళ్లు 'ఇక నువ్వు పెద్దల ఓపీకి వెళ్లు' అంటారు. కొత్త ఊరు, కొత్త గది, కొత్త డాక్టరు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఓపీలో తాతల వయసు వాళ్ల మధ్య వరసలో నిలబడాలి. ఆ పూట క్లాసు పోతుంది. ఒక నెల వెళ్లకపోతే వచ్చే నెల వెళ్లడానికి మొహం చెల్లదు. అలా మెల్లగా జారిపోతారు. ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే వాంతులు, ఆయాసం, స్పృహ తప్పడం, ప్రాణం పోవడం దాకా వస్తుంది. దీన్ని కుర్రాళ్ల నిర్లక్ష్యం అనేసి చేతులు దులుపుకోవద్దు. డబ్బున్న దేశాల్లోనూ ఈ వయసులోనే చాలామంది వైద్యానికి దూరమవుతున్నారు. అందుకే మారే రోజుకి కనీసం ఏడాది ముందు నుంచే తయారు చేయాలని డాక్టర్ల సంఘాలు చెబుతున్నాయి.

ఇప్పుడు ప్రభుత్వ లెక్క చూద్దాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూస్తుంది. జాతీయ కార్యక్రమం కింద ఊళ్లో ఇంటింటికీ చేసే షుగర్, బీపీ పరీక్షలు 30 దాటినవాళ్లకి. మరి 18కీ 30కీ మధ్య 12 ఏళ్లు మనవాళ్లు ఎవరి జాబితాలో ఉన్నట్టు? చేయాలనుకుంటే చేయగలరు. 2023 జులై 1న మొదలైన సికిల్ సెల్ మిషన్‌లో పుట్టిన బిడ్డ నుంచి 40 ఏళ్ల వరకు అందరికీ పరీక్ష పెట్టారు. 18 దగ్గర ఆగలేదు. మనం అడిగేది కూడా అదే.

ఇంకో సంగతి. సన్నగా, చిన్నప్పటి నుంచి సరైన తిండి లేక పెరిగిన కుర్రాళ్లలో వచ్చే షుగర్ వేరే రకం. దాన్ని 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించి, 1999లో జాబితాలోంచి తీసేసింది. వెల్లూరు సీఎంసీ డాక్టర్లు, అమెరికా పరిశోధకులు కలిసి పట్టు వదలకుండా పనిచేశాక, 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దాన్ని టైప్ 5 అని ఒప్పుకుంది. దాని వైద్యం టైప్ 1 లాంటిదే కాదు. కాబట్టి పెద్దల ఓపీకి మారేటప్పుడు 'నాది ఏ రకం?' అని అడగండి. అడగడం మన హక్కు. కానీ సమాధానం వచ్చేదాకా వేసుకుంటున్న ఇన్సులిన్ మాత్రం ఆపొద్దు.

మారేటప్పుడు ప్రాణాల మీదకి తెచ్చే చిన్న విషయం ఒకటుంది. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి రెండూ దొరుకుతాయి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూత సిరంజి 100కి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 25 యూనిట్లు. షుగర్ పడిపోయి కోమాలోకి వెళ్లొచ్చు. కొత్త చోట మందు తీసుకుంటే సీసా మీద అంకె, సిరంజి మూత రంగు రెండూ చూడండి.

పండగలకి ఊరెళ్తాం. జీలుగు కల్లు వద్దని నేను చెబితే ఎంతమంది వింటారో నాకు తెలుసు. ఒక్కటి వినండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో తాగితే రాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబాటు చూసి తాగి పడిపోయాడు అనుకుని వదిలేస్తారు. అలా ఉంటే, మింగగలిగే స్థితిలో ఉన్నప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఫ్రిజ్ లేని ఇంట్లో వాడుతున్న సీసాని తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో, చల్లని నీడలో ఉంచొచ్చు. తెరిచిన సీసా నాలుగు వారాలు దాటితే వాడొద్దు.

మనం అడగాల్సినవి ఇవి. ఇన్సులిన్ మీద ఉన్న ప్రతి యువకుడి, యువతి పేరూ ఐటీడీఏ దగ్గర ఉండాలి, 18 నిండినా కొట్టేయకూడదు. 16 నుంచే ఏ మందు, ఎంత మోతాదు, ఏ పరీక్ష ఎప్పుడు చేశారో రాసిన పుస్తకం వాళ్ల చేతికివ్వాలి. మారేటప్పుడు ఒక్కసారైనా పాత డాక్టరు, కొత్త డాక్టరు కలిసి చూడాలి. రాజమండ్రి ప్రభుత్వాసుపత్రిలో నెలకో రోజు కుర్రవయసు వాళ్లకి వేరే ఓపీ పెట్టాలి. రంపచోడవరం, చింతూరు ఆసుపత్రుల్లో ఇన్సులిన్, స్ట్రిప్పులు ఎప్పుడూ ఉండాలి. ఎందుకంటే సీసా అయిపోయిందని చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ దిగి రావాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీ రెండూ పోతాయి.

అప్పటిదాకా హాస్టల్లో పక్క మంచం మీద ఉన్నవాళ్లం మనమే. మీ గదిలో సూది వేసుకునే తమ్ముడో చెల్లెలో ఉంటే వింతగా చూడొద్దు. ఓపీ రోజు తోడు వెళ్లండి. వాళ్ల ఇంటి ఫోన్ నంబరు మీ దగ్గర రాసి పెట్టుకోండి. ఈ వారం మీ హాస్టల్లో అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసుకోండి. వాళ్లు సరేనంటే వాళ్లతో కలిసి అర్జీ రాద్దాం, ఐటీడీఏ ఆఫీసుకి అందరం వెళ్దాం.

జై ఆదివాసీ.