మన పిల్లల మొదటి పందెం

(మునగాల సభలో మాట్లాడింది)

వెట్టి రోజుల్లో మన తాతలు దొర బండి ముందు ఉరికిండ్రు. ఆ ఉరుకుడుకు కూలి లేదు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో వరంగల్ దిక్కు కల్లెడ కూలోళ్ల బిడ్డ జీవాంజి దీప్తి 400 మీటర్లు 55.82 సెకన్లలో ఉరికి కాంస్యం గెలిచింది. ఊళ్లో ఎగతాళి పడ్డ పిల్లే.

మన పిల్లలు మొదటిసారి 100 మీటర్ల పందేనికి దిగుతున్నారు. మేము అడిగేది ఒక్కటే: వారానికి మూడు పొద్దులు బడి మైదానానికి పంపండి. ఆడపిల్లల్నీ పంపండి, ఆ పూట పత్తి చేనుకు తోలకండి. మెల్లగా ఉరికి ఒళ్లు వేడెక్కినంక, 30 మీటర్లు నాలుగుసార్లు గట్టిగా ఉరకాలె. నడుమ దమ్ము తీసుకోవాలె. మర్నాడు విశ్రాంతి. గీత దాటేదాకా వేగం తగ్గొద్దు. బూట్లు లేకుంటే రాళ్లేరి నేల చదును చేద్దాం.

పందెంనాడు వాడంతా గీత పక్కన నిలబడాలె. జై భీమ్!