వార్ధక్యము: అరుగుదలయా, ఆగని పెరుగుదలయా?

బండి ఇరుసు అరిగినట్లే ఈ దేహమును అరిగిపోవునని మనము సాధారణముగా తలంతుము. శాస్త్రజ్ఞులలో ఒక వర్గము వారి అభిప్రాయమును ఇంచుమించు ఇదియే. మనము పీల్చు ప్రాణవాయువు వలననే కణములలో ఫ్రీ రాడికల్స్ అను చురుకైన అణుశకలములు పుట్టుచున్నవనియు, అవి చేయు నష్టము క్రమముగా పేరుకొనుటయే వార్ధక్యమనియు 1956లో అమెరికా శాస్త్రజ్ఞుడు డెన్హామ్ హార్మన్ ప్రతిపాదించెను. ఇది నిజమైనచో చికిత్స సులభమే: ఆ శకలములను అణచు యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు సేవించిన చాలును.

రెండవ వాదము వేరు. యౌవనమున మేలు చేసిన జన్యువులే ముదిమియందు కీడు చేయవచ్చునని 1957లో జార్జి విలియమ్స్ వ్రాసెను. ఈ భావమును పొడిగించి, శరీరమును పెంచు యంత్రాంగము పని ముగిసిన పిదపను ఆగకపోవుటయే వార్ధక్యమని 2006లో మిఖాయిల్ బ్లగొస్క్లోన్నీ వాదించెను. అన్నము ఉడికిన పిమ్మట మంట తగ్గింపనిచో అడుగంటును గదా! మంట చెడ్డది కాదు. అంతవరకు వండినది అదియే. ఈ వాదము ప్రకారము చికిత్స యనగా మంట తగ్గించుట.

ఇక నిదర్శనములు చూతము. యాంటీ ఆక్సిడెంట్లలో నొకటియగు బీటా కెరోటిన్‌ను ఫిన్లాండులో పొగత్రాగు పురుషులకిచ్చి పరీక్షింపగా, వారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు సరికదా, నూటికి 18 వంతులు పెరిగినట్లు 1994లో తేలినది. అది వార్ధక్యమునకు పరీక్ష కాదు. కాని సులభముగా తోచిన మందు సురక్షితము కానక్కరలేదని తెలిపినది. మరియొకవైపు, పెరుగుదల సంకేతములను అణచు రాపమైసిన్‌ను 600 దినములు నిండిన ముసలి ఎలుకలకిచ్చిరి. నూటికి 90 ఎలుకలు మరణించు వయస్సు ఆడువానిలో 14 శాతము, మగవానిలో 9 శాతము పెరిగినట్లు 2009లో ప్రకటించిరి.

అయినచో రెండవ వాదమే గెలిచినదా? అట్లనుటకు వీలులేదు. పెరుగుదల మందగించినపుడు కణము తన్ను తాను బాగుచేసికొను పని హెచ్చును గనుక, ఈ ఫలితము తమకును అనుకూలమేయని మొదటి వర్గము వారు బదులు చెప్పగలరు. పైగా రాపమైసిన్, మూత్రపిండమును మార్పిడి చేసిన రోగులలో వ్యాధినిరోధక శక్తిని అణచుటకు వాడు మందు. అది మానవుల ఆయువును పెంచునని నేటివరకు రుజువు కాలేదు.

శ్రోతలలో వయోవృద్ధులు పలువురుందురు. యౌవనమును మరల తెత్తుమని చెప్పి మందులమ్మువారును పలువురు కలరు. సిద్ధాంతము ఎంత అందముగానున్నను, మనము అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఈ మందును ఏ ప్రాణిపై పరీక్షించిరి? మందు తీసికొననివారితో పోల్చి చూచిరా? కీడును గూడ లెక్కించిరా? జవాబు దొరకువరకు డబ్బును, దేహమును రెంటిని కాపాడుకొనుటయే వివేకమని మా మనవి.